అప్‌డేట్: అంబాసిడరా, పద్మినీయా?
పాత పెట్రోల్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని... ఈ రెండు కార్లలో ఏది కొనాలని అడిగాను కదా, రెండూ నడిపి చూశాను. కాగితం మీద అంబాసిడర్‌దే పైచేయి: 1489 సీసీ ఇంజిన్. పద్మినిది 1089 సీసీయే. అయితే బండి తేలిక కాబట్టి ట్రాఫిక్‌లో పద్మినే చురుగ్గా కదిలింది. నలుగురం ఎక్కి ఫ్లైఓవర్ ఎక్కించేసరికి మాత్రం దాన్ని సెకండ్ గేర్‌లోకి దించక తప్పలేదు. అంబాసిడర్ థర్డ్‌లోనే లాగేసింది.

రెండింటికీ గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే. పద్మినిలో మెత్తగా పడుతోంది, అంబాసిడర్‌లో సెకండ్ గేర్‌ను వెతుక్కోవాల్సి వస్తోంది. గేర్ రాడ్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే లింకేజీలోని బుష్‌లు (చిన్న తొడుగులు) అరిగిపోయాయట. ఇక అంబాసిడర్ వెనక సీటు సంగతా? అమ్మానాన్న దిగమన్నా దిగలేదు! అంబాసిడర్‌కే అడ్వాన్స్ ఇచ్చేశాను. బుష్‌లు మార్చి ఇచ్చే షరతు మీద.