సైన్యానికి చిన్న లేజర్ పరికరం: మన డిగ్రీ పిల్లలు చెయ్యొచ్చా, వద్దా?

ఫిజిక్స్ సార్, దేవరకొండ (శనివారం రాత్రి 9.10)
అందరికీ నమస్తే. నేను ఇక్కడ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఫైనల్ ఇయర్ పిల్లలు ముగ్గురు ఏడు నెలలు కష్టపడి, చేతిలో పట్టేంత లేజర్ దూరమాపకం ఒకటి తయారు చేశారు. గ్రౌండ్‌లో నిలబడి బటన్ నొక్కితే ఖిల్లా గోడ ఎంత దూరంలో ఉందో చూపిస్తుంది. లెక్క తేలికే. కిలోమీటరు దూరం పోయి తిరిగి రావడానికి వెలుగుకు 6.67 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ టైము పట్టుకుంటే దూరం దొరికినట్టే. పట్టుకోవడంలోనే ఉంది కష్టమంతా. ఒక్క మీటరు తేడా తెలియాలంటే 6.67 నానోసెకన్లు లెక్కపెట్టాలి. మా పిల్లలు అది సాధించారు.

ఇప్పుడు దాన్ని ఇంకా చిన్నది చేసి, సైన్యం కోసం ఐడెక్స్‌కు పంపుదామంటున్నారు. 2018 నుంచి రక్షణ శాఖ నడుపుతున్న పథకం అది. చిన్న కంపెనీలకే కాదు, ఒక్కరే పనిచేసుకునే వాళ్లకు కూడా కోటిన్నర దాకా గ్రాంటు ఉంది. నిన్న ఒక పిల్లవాడి తల్లి కాలేజీకి వచ్చి, "మావాణ్ణి మిలిటరీ సామాను పనిలో పెట్టకండి సార్" అని చెప్పి వెళ్లారు. అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఆయుధాల వైపు పోయే పని పిల్లలతో చేయించడం సరైనదేనా? మీ మాట చెప్పండి.

గద్వాల పిలగాడు
చెయ్యాలి సార్, డౌటే లేదు. మా జిల్లా నుంచి తుంగభద్ర దాటితే కర్నూలే. అక్కడి ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో 2025 ఏప్రిల్ 13న డీఆర్‌డీవో వాళ్లు 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లు కూల్చి చూపించారు. చేసింది హైదరాబాద్‌లో ఉన్న డీఆర్‌డీవో వాళ్ల లేజర్ ల్యాబ్, పేరు చెస్. మనవాళ్లు దాన్నే భుజాన మోసే సైజుకు తెస్తే దేశం మొత్తం దేవరకొండ పేరు వింటుంది.

అచ్చంపేట ఆప్టిక్స్
తమ్మీ, రెండింటినీ కలపకు. నేను తొమ్మిదేళ్లుగా లెన్సులు, లేజర్ల పనిలోనే ఉన్నాను. దూరం కొలిచే లేజర్ వేరు, డ్రోన్‌ను కాల్చే లేజర్ వేరు. కర్నూలులో చూపించింది బండి మీద మోసుకొచ్చే వ్యవస్థ. ఎందుకో చెప్తాను. మంచి ఫైబర్ లేజర్ కూడా తీసుకున్న కరెంటులో మూడో వంతు, ఇంకొంచెం ఎక్కువ వెలుగుగా ఇస్తుంది. 30 కిలోవాట్ల వెలుగు కావాలంటే దాదాపు 90 కిలోవాట్లు లోపలికి పోవాలి. మిగతా 60 వేడిగా మారుతుంది. ఆ వేడిని లాగెయ్యకపోతే ముందు కాలిపోయేది నీ లేజరే. దానికి చల్లబరిచే యంత్రం, దానికో జనరేటరు. పైగా ఒక్క క్షణంలో పని కాదు, డ్రోన్ మీద ఒకేచోట కొన్ని సెకన్లు కదలకుండా పట్టి ఉంచాలి. దుమ్ము లేస్తే, మంచు పడితే, వాన వస్తే బలం తగ్గిపోతుంది. భుజాన మోసేదానికి ఇదంతా ఎక్కడ పెడతావు?

గద్వాల పిలగాడు
ఒకప్పుడు కంప్యూటర్ గదంత ఉండేది అన్నా. ఇప్పుడు జేబులో ఉంది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనే అమరరాజా వాళ్ల లిథియం బ్యాటరీల ప్లాంటు. బ్యాటరీ మన దగ్గరే, బుర్ర మన దగ్గరే.

అచ్చంపేట ఆప్టిక్స్
కంప్యూటర్ చిన్నదైనా లెక్క చెయ్యడానికి ఇబ్బంది లేదు. డ్రోన్ రెక్క కరగడానికి కావాల్సిన వేడి మాత్రం నీ పరికరం చిన్నదైనంత మాత్రాన తగ్గదు కదా. బ్యాటరీ గురించి నేను అడగలేదు, వేడి ఎటు పోతుందో చెప్పమన్నాను.

త్రిపురారం రైతు
సార్, మాది సాగర్ ఎడమ కాలువ కింద పొలం. లేజర్ లెవలర్ పెట్టి చదును చేయించాక నీళ్లు మడంతా ఒకే తీరుగా పారుతున్నాయి. అంతకుముందు ఒక మూల మోకాలి లోతు, ఇంకో మూల నెర్రెలు. కానీ ఆ మిషన్‌లో లేజర్‌ను పట్టే రిసీవర్ చెడిపోతే బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. పోయిన ఏడు నారు ముదిరిపోతుంటే పదకొండు రోజులు ఎదురుచూశాను. మీ పిల్లలకు అంత తెలివి ఉంటే ఆ రిసీవర్ చేసిపెట్టండి. సైన్యానికి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

అరుణ, మిర్యాలగూడ
సార్, నేను కంటి ఆసుపత్రిలో పరీక్షలు చేస్తాను. ఒక్కటే అడుగుతున్నాను. పిల్లలు ఆ లేజర్ వాడేటప్పుడు గాగుల్స్ పెట్టుకుంటున్నారా? అది ఎన్ని నానోమీటర్ల లేజర్, అంటే దాని తరంగదైర్ఘ్యం ఎంత?

హవల్దార్, సూర్యాపేట
నేను ఆర్టిలరీలో పనిచేసి రిటైరయ్యాను. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో అబ్జర్వేషన్ పోస్టు మీద ఉన్నాను. దూరమాపకం బరువు ఎంతో ఇక్కడ కూర్చుని రాసేవాళ్లకు తెలియదు, పదహారు వేల అడుగుల ఎత్తులో దాన్ని వీపున వేసుకుని ఎక్కినవాడికి తెలుస్తుంది. చలికి బ్యాటరీ చచ్చిపోయేది. చొక్కా లోపల పెట్టుకుని వెచ్చగా ఉంచి, అవసరమైనప్పుడు తీసి బిగించేవాళ్లం. దూరం వంద మీటర్లు తప్పు చెప్తే మన గుండు మనవాళ్ల దగ్గరే పడుతుంది. ఆ ఏడు జూన్ 24న మన మిరాజ్ విమానాలు టైగర్ హిల్ మీద లేజర్‌తో గురిపెట్టి బాంబులు వేశాయి. విమానానికి తగిలించే ఆ గురిపెట్టే పాడ్ ఇజ్రాయెల్‌ది. బయటివాడు ఇస్తేనే మనకు చూపు అన్నమాట. దేవరకొండ పిల్లలు అరకిలో బరువు తగ్గించినా నాకు గొప్పే. ఇందులో పాపం ఏముందో ఆ తల్లికి నేను ఫోన్ చేసి చెప్తాను, నంబరు పంపండి సార్.

అరుణ, మిర్యాలగూడ
హవల్దార్ గారు, మీ సేవకు దండం. కానీ నా ప్రశ్నకు సార్ ఇంకా జవాబు చెప్పలేదు. ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. మా అక్క కొడుకుకు పదిహేడేళ్లు. రెండేళ్ల కింద నిమజ్జనం రోజు డీజే బండి ముందు నిలబడ్డాడు. బండి మీది ఆకుపచ్చ లేజర్ ఒక్కసారి నేరుగా కంట్లో పడింది. మర్నాటికి కుడికంట్లో సరిగ్గా మధ్యలో నల్లమచ్చ. ఎదుటి మనిషి ముఖం చూస్తే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. అంతకు ముందు పోలీసు ఉద్యోగానికి రోజూ పొద్దున్నే పరుగెత్తేవాడు. ఆ బండివాడు, దాన్ని మాట్లాడినవాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకుని పోయారు. దేశం, కొండలు అందరూ మాట్లాడుతున్నారు. గాగుల్స్ ఉన్నాయా లేవా?

గద్వాల పిలగాడు
డీజే లేజర్‌కూ మిలిటరీ లేజర్‌కూ పోలికేంటి మేడం?

హవల్దార్, సూర్యాపేట
అమ్మా, కళ్లు పోగొట్టే లేజర్లు వాడకూడదని ప్రపంచ ఒప్పందమే ఉంది. మన దేశమూ అందులో ఉంది. మన సైన్యం కళ్లు పొడిచే సైన్యం కాదు.

అచ్చంపేట ఆప్టిక్స్
ఒప్పందం మాట నిజమే, 1995లో వియన్నాలో కుదిరింది, 1998లో అమల్లోకి వచ్చింది. కాకపోతే అది నిషేధించింది, శాశ్వతంగా గుడ్డివాళ్లను చేయడానికే ప్రత్యేకంగా తయారుచేసిన ఆయుధాలను. దూరమాపకాలు, గురిపెట్టేవి దాని కిందికి రావు. వాటిని వేరే పనికి వాడుతుంటే అనుకోకుండా ఎవరి కన్నయినా పోతే దానికీ వర్తించదు. కాబట్టి అరుణ గారు అడుగుతున్న దానికి ఆ ఒప్పందం జవాబు కాదు. సార్, నేను కూడా అడుగుతున్నాను, అది 905 నానోమీటర్ల డయోడేనా? ఖిల్లా గోడ గ్రౌండ్ నుంచి దగ్గరేం కాదు. మార్కెట్‌లో దొరికే మాడ్యూల్‌తోనే అంత దూరం అందుకున్నారా, లేక డయోడ్‌కు కరెంటు పెంచారా?

త్రిపురారం రైతు
రిసీవర్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

ఫిజిక్స్ సార్, దేవరకొండ
905 నానోమీటర్లే. మాడ్యూల్ మీద క్లాస్ 1, కంటికి ప్రమాదం లేదని రాసి ఉంది. మొదట గోడ అందలేదు. డ్రైవర్ సర్క్యూట్ మార్చి పల్స్ కరెంటు పెంచారు. ల్యాబ్‌లో రెండు జతల గాగుల్స్ ఉన్నాయి, ఆకుపచ్చ లేజర్ ప్రయోగానికి కొన్నవి. పిల్లలు వంతులవారీగా అవే పెట్టుకున్నారు.

అచ్చంపేట ఆప్టిక్స్
సార్, కరెంటు పెంచిన నిమిషం నుంచి ఆ క్లాస్ 1 స్టిక్కర్‌కు అర్థం లేదు. ఆకుపచ్చ లేజర్ 532 నానోమీటర్లు, దానికి చేసిన అద్దం 905ను ఆపుతుందని చెప్పలేం. ఏ నానోమీటర్ దగ్గర ఎంత ఓడీ, అంటే వెలుగును ఎంత ఆపుతుంది అని దాని మీదే రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. 905 కంటికి కనిపించదు కాబట్టి రెప్ప వాలదు. కంటిలోని కటకం దాన్ని తిన్నగా కంటి వెనక తెర, రెటీనా మీదికే చేరుస్తుంది. అందుకే సైన్యాలు 1.5 మైక్రాన్ల (1500 నానోమీటర్ల) వైపు మళ్లాయి. ఆ వెలుగును కంటి ముందు భాగంలోని నీరే పీల్చుకుంటుంది. కానీ ఆ డయోడ్, దాన్ని పట్టే డిటెక్టర్ ఖరీదు ఎక్కువ. చిన్నదిగా ఉండాలి, దూరం అందాలి, చవకగా ఉండాలి అని మూడూ ఒకేసారి అడిగితే నష్టం కంటి మీదే పడుతుంది. ఐడెక్స్ డబ్బు కూడా ఊరికే రాదు, మన వాటా మనం పెట్టాలి.

అరుణ, మిర్యాలగూడ
ఖిల్లా మీద గొర్లు కాసేవాళ్లు ఉంటారు. ఆదివారం పిల్లాజెల్లాతో వచ్చేవాళ్లు ఉంటారు. ఎవరైనా బైనాక్యులర్‌తో కిందికి చూస్తుంటే ఇంకా ఎక్కువ వెలుగు కంట్లోకి పోతుంది. గోడ మీదికి కొట్టేముందు పైకి మనిషిని పంపి చూశారా సార్?

హవల్దార్, సూర్యాపేట
ఇలా ప్రతిదానికీ భయపెడితే మన దగ్గర ఏదీ పుట్టదు. మా సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణం ఇచ్చాడు. ఆయన ఊరి పక్కన ఉండి గాగుల్స్ గురించి మాట్లాడుతున్నాం.

అరుణ, మిర్యాలగూడ
గల్వాన్‌లో ఆ రాత్రి తుపాకీ పేలలేదు. రాళ్లు, ఇనుప రాడ్లు. అక్కడ దూరమాపకం ఏం చేసేది?

హవల్దార్, సూర్యాపేట
ఆ పేరును వాదనకు వాడకండి మేడం. మీ ఇంట్లోంచి ఒక్కరైనా ఫౌజ్‌కు పోయారా?

అరుణ, మిర్యాలగూడ
ఆ పేరు తెచ్చింది మీరు. మా ఇంట్లోంచి ఒకడు పోలీసుకు పోవాల్సినవాడు, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెప్పాను కదా.

అడ్మిన్
ఇద్దరూ ఆగండి. ఇళ్లలో వాళ్ల మాట ఎత్తొద్దు.

చింతపల్లి అమ్మ (ఆదివారం ఉదయం 7.40, కొత్త సభ్యురాలు)
నమస్తే. సార్ చెప్పిన తల్లిని నేనే. నేను చెప్తుంటే మా బిడ్డ టైపు చేస్తోంది. రాత్రంతా మీరు రాసుకున్నది మావాడు చదివి వినిపించాడు.

ఆయుధం చేస్తే పాపమని నేను అనలేదు సార్. మీరు అట్లా అనుకున్నారు. మా ఆయన పద్నాలుగేళ్లు ఒక పేలుడు మందు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చేశారు. ఒకరోజు మందు కలిపే దగ్గర మంట లేచి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. అడగడానికి పోతే రిజిస్టరులో పేరే లేదన్నారు. లోపల ఏం పని చేసేవాడో అయినా రాసివ్వమంటే, అది మిలిటరీ పని, బయటికి రాసివ్వకూడదన్నారు. ఇప్పుడు ఆయన ఎడమచేత్తో అన్నం తింటారు.

నేను మొన్న కాలేజీకి వచ్చి అడిగింది ఒకటే మాట. ఈ పనిలో మావాడి పేరు కాలేజీ కాగితంలో ఉందా, వాడికి ఏమన్నా అయితే ఎవరు చూసుకుంటారు అని. మీరు "అదేం లేదమ్మా, దేశం పని, మంచి పేరు వస్తుంది" అన్నారు. మా ఆయనకూ ఆ మాటే చెప్పారు. అందుకే మిలిటరీ సామాను పనిలో పెట్టకండి అని వచ్చేశాను. గోడ మీదికి కొట్టినప్పుడు ఇంకోడు గాగుల్స్ పెట్టుకుంటే మావాడు వట్టి కళ్లతో ఉన్నాడట. ఈ సంగతి నాకు ఇక్కడే తెలిసింది. వారం నుంచి కళ్లు మంట అంటుంటే ఫోన్ ఎక్కువ చూస్తున్నావని తిట్టాను.

అరుణ, మిర్యాలగూడ
అమ్మా, మంటకు వేరే కారణం ఉండొచ్చు. రెటీనాకు దెబ్బ తగిలితే నొప్పి, మంట తెలియవు. అదే దాని ప్రమాదం. ఇప్పుడే గళ్ల కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి, చదివే దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో ఆ చుక్కనే చూడమనండి. గీతలు వంకరగా కనిపించినా, ఎక్కడన్నా మాయమైనా వెంటనే తీసుకురండి. బాగానే కనిపించినా ఒకసారి రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ చేయించాలి. ముగ్గురు పిల్లలకూ.

హవల్దార్, సూర్యాపేట
అమ్మా, నేను వేరేగా అనుకున్నాను, వేరేదానికి కొట్లాడాను. తోపుల మోతకు నా ఎడమ చెవి పోయింది. మెడికల్ బోర్డు కాగితం నా చేతిలో ఉంది కాబట్టి పింఛన్‌లో ఆ భాగం వస్తోంది. ఆ కాగితం లేకుండా ఏ ఆఫీసులో ఎవరూ నా మాట వినేవాళ్లు కాదు. సార్, ముందు పిల్లలకు కాగితం ఇవ్వండి. అరుణ గారు, రాత్రి మీ ఇంటి మాట ఎత్తినందుకు క్షమించండి.

గద్వాల పిలగాడు
అందరూ ఇటే మళ్లితే ఎట్లా? ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు చీరల నేతకు దారం చుట్టే ఆసు యంత్రం చేసినప్పుడు ఎవరి సంతకం అడిగారు? 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

అరుణ, మిర్యాలగూడ
ఆయన తన తల్లి భుజం నొప్పి చూడలేక చేశారు. దెబ్బ తగిలితే తన చేతికే తగిలేది. ఇక్కడ పిల్లలు చేస్తుంటే పేరు కాలేజీకి, పరికరం సైన్యానికి. కన్ను మాత్రం వాళ్లది.

ఫిజిక్స్ సార్, దేవరకొండ (సోమవారం రాత్రి 8.25)
అమ్మా, తప్పు నాది. మీరు అడిగింది నేను వినలేదు. పేరు వస్తుందన్న ఆశలో ఉన్నాను. ముగ్గురికీ గళ్ల కాగితం చూపించాం, గీతలు తిన్నగానే ఉన్నాయన్నారు. గురువారం స్కాన్‌కు తీసుకెళ్తున్నాను, ఖర్చు నాది. పరికరం బీరువాలో పెట్టి తాళం వేశాను. 905కు సరిపోయే గాగుల్స్ మూడు జతలు వచ్చేదాకా బయటికి తియ్యను. ఖిల్లా వైపు ఇంకెప్పుడూ కొట్టం. ప్రాజెక్టులో ముగ్గురి పేర్లు, ప్రమాదం జరిగితే బాధ్యత కాలేజీదే అని కాగితం రాసి ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను. పేర్ల దాకా సంతకం చేస్తానన్నారు. బాధ్యత అన్న లైను కొట్టెయ్యమన్నారు. ఐడెక్స్‌కు అప్లికేషన్ నింపడం ఆ లైను లేకుండా మొదలుపెట్టమంటారా? పిల్లలు రోజూ అడుగుతున్నారు.

చింతపల్లి అమ్మ
స్కాన్‌కు పంపిస్తాను సార్, నేనూ వస్తాను. ఆ లైను లేకపోతే మాత్రం మావాడు ల్యాబ్‌కు రాడు.