ఇంతింత చిట్టెలుకలు అంత ఆల్బట్రాస్ పిల్లని ఎలా తినేస్తాయి?

కొల్లేటి_కొంగ:
గాఫ్ దీవి వీడియో ఒకటి చూసి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి పిల్ల, బాతు కన్నా పెద్దగా ఉంది, గూట్లో కూర్చుంది, చిట్టెలుకలు వీపు మీదెక్కి కొరుకుతుంటే లేవదు, పొడవదు, ఊరికే ఒళ్లు విదిలిస్తుంది. మా కోడిపెట్టయితే ఈపాటికి పొడిచి చంపేది. అసలు ఎందుకలా? నాలుగు పిల్లుల్ని వదిలేస్తే పోదా?

ఉప్పుగాలి:
దానికి ఎలుకంటే ఏంటో తెలియదండీ. దక్షిణ అట్లాంటిక్‌లో ఎక్కడో విసిరేసినట్టుండే దీవి, నేల మీద తిరిగే పాలిచ్చే జంతువన్నదే లేదు, 19వ శతాబ్దంలో సీల్ వేటగాళ్ల ఓడల్లో ఈ చిట్టెలుకలు దిగేదాకా. తల్లీ తండ్రీ మేత కోసం సముద్రం మీదికి పోతే చలికాలమంతా పిల్ల ఒక్కతే గూట్లో ఉంటుంది. ఒక రాత్రి చిన్న గాయం, మర్నాడు అదే గాయంలోకి ఇంకో నాలుగు. ఈ పక్షి, ట్రిస్టన్ ఆల్బట్రాస్ అంటారు, పెట్టేదే రెండేళ్లకోసారి ఒక్క గుడ్డు. అన్ని జాతుల పక్షులవీ కలిపి ఏడాదికి 20 లక్షల గుడ్లు, పిల్లలు పోతున్నాయని అంచనా.

బోనులో_ఎలుక:
పిల్లులా, ఆ పని దక్షిణ హిందూ మహాసముద్రంలోని మారియన్ దీవిలో చేశారు బ్రో. ఎలుకల కోసమని 1949లో 5 పిల్లుల్ని తెస్తే అవి వేలకు వేలై పక్షుల మీద పడ్డాయి. ఆ పిల్లుల్ని వదిలించుకునేసరికి 1991 అయింది, ఎలుకలు మాత్రం అలాగే ఉన్నాయి, ఇప్పుడు పెద్ద ఆల్బట్రాస్‌ల తలలు కూడా కొరుకుతున్నాయి.

కొల్లేటి_కొంగ:
అమ్మో. మరి మందు పెట్టరా?

ఉప్పుగాలి:
పెట్టారు. 2021లో గాఫ్ మొత్తం హెలికాప్టర్లతో ఎర చల్లారు, మన కొట్లలో దొరికే ఎలుకల బిళ్లల లాంటిదే, రక్తం గడ్డకట్టనివ్వదు. దీవిలోని నీటికోళ్లు ఆ ఎర తిని చస్తాయని ముందే కొన్నిటిని పట్టి పంజరాల్లో మేపారు కూడా. అంత చేసినా డిసెంబరులో మళ్లీ ఒక ఎలుక కనబడింది. నాకు భలే బాధేసింది. కానీ అసాధ్యమేం కాదు, అదే దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి అంతకన్నా ఎంతో పెద్దది, అక్కడ ఎలుకలు లేవని 2018లో ప్రకటించారు.

బోనులో_ఎలుక:
మా వంటింట్లో ఉన్న ఒక్కటీ నెల నుంచీ దొరకట్లేదు, బిళ్ల ముట్టదు, బోనులో ఎండుచేప వాసన చూసి వెళ్లిపోతుంది. గాఫ్‌లో అయితే 65 చదరపు కిలోమీటర్లు, అదీ కొండలూ బురదా.