కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట: పేర్లలో మిగిలిన గుంటలు నేలమీద ఎక్కడ ఉండేవి?

ప్రశ్న: కొర్లగుంట నివాసి

తిరుపతి పాత సంగతులు తెలిసిన పెద్దలకు నమస్కారం. మాది మదనపల్లె వైపు. తిరుపతి కొర్లగుంటలో ఇల్లు కొనుక్కుని పన్నెండేళ్లు కావస్తున్నది. కొనేటప్పుడు ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీల పత్రం) తీయించాము, కాగితాలన్నీ లాయరు గారికి చూపించాము, అంతా సక్రమంగా ఉన్నదన్నారు. పేరులో ఉన్న గుంట సంగతి మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు. 2021 నవంబరు 18న కొండమీద కురిసిన వాన మా వీధిలోకి దిగి, కింది అంతస్తులో మోకాటి లోతున నిలిచి, బియ్యపు డ్రమ్మునూ ఫ్రిజ్‌నూ పక్కపక్కన తేల్చినప్పుడు, ఎదురింటి అవ్వ "గుంటలోకి రాక నీళ్లు ఇంకెక్కడికి పోతాయి నాయనా" అన్నది. ఓదార్పుగా అన్నదో, ఎత్తిపొడిచిందో నాకిప్పటికీ తెలియదు.

అప్పటినుంచి ఊళ్లో ఏ బోర్డు చూసినా నాకు గుంటే కనబడుతున్నది. కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట, మంచినీళ్లగుంట, ఊరి అంచున తుమ్మలగుంట, ఇంకొంచెం దూరం పోతే రేణిగుంట. ఇవన్నీ నిజంగా నీళ్లు నిలిచిన చోట్లేనా, లేక భూమి కొలతలో చెప్పే గుంటలా? నీళ్ల గుంటలే అయితే అవి ఎప్పుడు, ఏ కాగితం మీద ఇళ్ల స్థలాలయ్యాయో తెలుసుకునే దారి ఉన్నదా? ఇదే మాట ఒక కార్యాలయంలో అడిగితే "అవన్నీ పాత పేర్లు సార్" అని నవ్వి పంపించారు. ఏ పార్టీనీ తిట్టడం నా ఉద్దేశం కాదు, ఆధారం దొరికితే చాలు.

జవాబు 1: తీర్థకట్ట వీధి పాతకాపు

ముందుగా గుంట అన్న మాట సంగతి చెబుతాను. ఎకరాకు నలభై గుంటల లెక్క తెలంగాణ వైపుది. మనది మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండిన నేల గనుక ఇక్కడ ఎకరాలూ సెంట్లే తప్ప గుంటల కొలత లేదు. మన వైపు గుంట అంటే చెరువుకన్నా చిన్నది, వాన నీరు నిలిచే పల్లం. గొల్లవారి గుంట వేరు, మంచినీళ్ల గుంట వేరు. ఎక్కడ మందను దించవచ్చో, ఎక్కడ కడవ ముంచుకోవచ్చో పేరు పెట్టినవారు పేరులోనే చెప్పిపోయారు. కాబట్టి ఆ అవ్వ మాట ఎత్తిపొడుపు కాదు, సమాచారం.

రెండవది నేల వాలు. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి, దక్షిణాన స్వర్ణముఖి ఉన్నది, ఆ రెంటి నడుమ వాలు మీద మనం కాపురాలు పెట్టుకున్నాము. కపిలతీర్థం దగ్గర దూకే నీరైనా, మాల్వాడి గుండం నుంచి దిగే నీరైనా, పేరులేని చిన్నచిన్న వంకల నీరైనా ఏటికి చేరాలంటే ఊరి మధ్యనుంచే పోవాలి. ఇటువంటి వాలు నేలలో పూర్వులు నీటిని ఒక్క పరుగున పోనిచ్చేవారు కాదు. ఒక గుంట నిండి మరవ పోతే, అంటే అలుగు మీదుగా పొర్లితే, ఆ నీరు వంక పట్టుకుని దిగువ గుంటకో చెరువుకో చేరేది. పైనుంచి ఉరికివచ్చే నీటికి అవి మజిలీల వంటివి. మజిలీలు తీసేశాము గాని కొండను జరపలేము కదా. దీనికి తోడు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చిన రేణిగుంట–పాకాల రైలు దారి తూర్పు పడమరలుగా, అంటే సరిగ్గా నీటి నడకకు అడ్డంగా సాగుతుంది. కట్ట కింద వదిలిన కన్నాల గుండానే నీరు దాటాలి. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన నీటిలో కర్ణాటక నుంచి వచ్చిన యాత్రికుల వాహనం చిక్కుకుని, కొత్తగా పెళ్లయిన అమ్మాయి ప్రాణం పోయింది. అది జరిగి నెల తిరగకముందే మీరు చెప్పిన నవంబరు వాన వచ్చింది. ఆ వానకు కపిలతీర్థంలో మండపం దెబ్బతిన్నది, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి 2022 మే దాకా తెరుచుకోలేదు, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు.

మూడవది చరిత్ర, ఇక్కడ కొంచెం నిదానిస్తాను. ఊరు మొదట కపిలతీర్థం దారిలో కొత్తూరు దగ్గర ఉండేదనీ, రామానుజులవారు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించాక గుడి చుట్టూ వీధులు వెలసి ఊరు ఇటు మారిందనీ మన స్థానిక సంప్రదాయం. ఆ లెక్కనే 2022 ఫిబ్రవరి 24న ఊరికి 892వ పుట్టినరోజు చేశారు. నేనూ ఆ ఊరేగింపులో నడిచాను, సంతోషించాను. అయితే గుడి, రథవీధులు ఉన్నంతమాత్రాన ఊరు బతకదు, నీళ్లు ఉండాలి. విజయనగర కాలపు దేవస్థానం శాసనాలలో ఒక ఏర్పాటు మళ్లీమళ్లీ కనబడుతుంది. స్వామికి నైవేద్యం పెట్టించమని దాతలు ఇచ్చిన సొమ్మును పెట్టెలో దాచకుండా గుడి మాన్యపు గ్రామాలలో చెరువులకూ కాలువలకూ ఖర్చుచేసి, అందువల్ల పెరిగిన పంటతో ఆ నైవేద్యాన్ని నడిపేవారు. అంటే ఆనాడు స్వామి ప్రసాదానికీ చెరువు కట్టకూ ఒకే ఖాతా.

తాతయ్యగుంట అనగానే ఇప్పుడు అందరికీ గంగమ్మ గుడి గుర్తుకొస్తుంది. జాతరకు అవిలాల నుంచి కైకాల వంశీకులు పుట్టింటి సారె తేవడం, చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి పొరుగూళ్లో రాత్రి ఉండకూడదనడం మీరూ చూసే ఉంటారు. బైరాగి వేషం ఏ రోజో, మాతంగి వేషం ఏ రోజో మా వీధి పిల్లలు తడుముకోకుండా చెబుతారు గాని, గుంట ఏదిరా అంటే మాత్రం నోరు వెళ్లబెడతారు.

జవాబు 2: గొలుసు పట్టినవాణ్ణి

నేను సర్వే పనిలో ఉండి విరమించాను కనుక కాగితాల సంగతి మాత్రమే రాస్తాను. పేరు ఆనవాలు మాత్రమే అవుతుంది, రుజువు కావాలంటే సర్వే నంబరు ఉండాలి. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, అంటే శిస్తు తిరిగి నిర్ణయించినప్పుడు రాసిన పుస్తకంలో, ప్రతి సర్వే నంబరుకూ ఎదురుగా అది మెట్టా, తరియా (నీటి సాగు నేల), పొరంబోకా (ఎవరి పట్టాలోనూ లేని సర్కారు నేల) అన్నది రాసి ఉంటుంది. పొరంబోకు అయితే గుంట, చెరువు, వంక, దారి, శ్మశానం అని రకం కూడా ఉంటుంది. దానికి జతగా ఎఫ్‌ఎంబీ, అంటే ఆ నంబరు హద్దులు కొలతలతో గీసిన పటం, తీసుకోవాలి. పట్టణం మధ్యలో అయితే టౌన్ సర్వే రిజిస్టరూ బ్లాకు పటమూ వేరుగా ఉంటాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో కలిపి చూడకపోతే అర్జీ అంతా వృథా అవుతుంది.

చాలామంది తడబడేది ఎక్కడంటే, మన ఊరు ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉండడం 2022 ఏప్రిల్ 4 నుంచి మాత్రమే. అంతకుముందు చిత్తూరు జిల్లా. ఆ చిత్తూరు జిల్లా కూడా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. దానికి ముందు చంద్రగిరి తాలూకా, అందులోని తిరుపతి, ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. అందుచేత తిరుపతిలో దొరకని కాగితం చిత్తూరులో అడగాలి, ఇంకా పాతదైతే చెన్నై ఎగ్మూరులోని పురాలేఖ భాండాగారం దాకా పోవలసి రావచ్చు.

సమాచార హక్కు అర్జీ మండల స్థాయిలో అయితే 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల గడువు ఉంటుంది. "మా గుంట ఏమైంది" అని రాయకండి, దానికి జవాబు రాదు. "ఫలానా సర్వే నంబరు వర్గీకరణ నకలు, ఎఫ్‌ఎంబీ నకలు, వర్గీకరణ మారి ఉంటే ఆ ఉత్తర్వు నకలు" అని రాయండి. అయితే ఆ పది రూపాయలు ఖర్చుపెట్టే ముందు మీ బీరువా తెరిచి పాత లింకు దస్తావేజులలో చెక్కుబందీ చదవండి. నాలుగు హద్దులలో ఏదో ఒకవైపు వంక అనో, కట్ట అనో ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది.

జవాబు 3: లీలామహల్ కూడలి

పైవారు రాజకీయం జోలికి పోలేదు గాని అది లేకుండా ఈ కథ చెప్పలేము. తిరుపతి మున్సిపాలిటీ 1886 నాటిది. 2007 మార్చి 2న కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌కు తొలి ఎన్నిక జరిగింది 2021 మార్చి 10న. మధ్యలో పద్నాలుగేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఊరు నలువైపులా పెరిగి, పల్లం కనబడిన చోటల్లా మట్టి తోలి ప్లాట్లు వేసిన కాలం కూడా ఇదే. అధికారి బదిలీ మీద వస్తాడు, బదిలీ మీద పోతాడు. మా వీధిలో నీళ్లు ఎటు పోతాయో ఆయనకు చెప్పవలసిన కార్పొరేటరు అన్నవాడే అప్పుడు లేడు.

కౌన్సిల్ వచ్చాక మారిందా అంటే, దాన్నీ చూశాము. యాభై డివిజన్లలో ఒకచోట ఎన్నిక ఆగగా, మిగిలిన 49లో 48 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, ఒకటి తెలుగుదేశానికి వచ్చాయి. అదే కౌన్సిల్‌లో 2025 ఫిబ్రవరిలో డిప్యూటీ మేయరు ఎన్నిక జరిగితే తెలుగుదేశం అభ్యర్థి 26 ఓట్లతో గెలిచారు. కార్పొరేటర్లు వాళ్లే, రంగు మాత్రం మారింది. ఆ నాలుగేళ్లలో కాలువ పూడిక మీద ఎన్ని తీర్మానాలు చేశారో ఎవరైనా అడిగారా? 2019 శాసనసభ ఎన్నికలో ఈ ఊరి గెలుపోటములు తేల్చింది 708 ఓట్లు. ఒక గుంటలో కట్టిన కాలనీకి అంతకన్నా ఎక్కువ ఓట్లే ఉంటాయి. అంచేత ఆ కాలనీకి రోడ్డు వేయిస్తాం, కరెంటు ఇస్తాం అని ప్రతి పార్టీ చెబుతుంది, నీరు ఎటు పంపిస్తారో చెప్పే సాహసం మాత్రం ఎవరూ చేయరు. ఫ్లైఓవరుకు గరుడ వారధి అన్న పేరు తీసి శ్రీనివాస సేతు అని పెట్టడానికి పట్టిన శ్రద్ధలో పదోవంతు దాని కింది కాలువలకు పట్టి ఉంటే మేలు జరిగేది.

జవాబు 4: గొల్లవానిగుంట తమ్ముడు

అన్నలందరికీ నమస్కారం. మాది గొల్లవానిగుంటే. 2021లో మా ఇంట్లోకి కూడా నీళ్లు వచ్చాయి, రెండు రోజులు డాబా మీదే ఉన్నాము. మీ చర్చ చదువుతుంటే ఒక్క భయం కలుగుతున్నది. రేపు ఎవరో ఈ పటాలు పట్టుకుని వస్తే మొదట ఎవరి గోడ మీద గుర్తు వేస్తారు? గుంట పొరంబోకులో ప్రభుత్వమే పట్టా ఇచ్చిన పేదవాడి రేకుల ఇంటి మీదనా, అదే గుంట అంచున మూడంతస్తులు లేపినవారి మీదనా? మన రాష్ట్రంలో ఎన్నో ఊళ్లలో బస్టాండ్లు, సర్కారు కార్యాలయాలే చెరువుల్లో లేచాయి. చెరువులు, గుంటల వంటి ఉమ్మడి భూములను కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనూ 2011లోనూ ఇచ్చిన తీర్పులు నేనూ చదివాను, వాటిని కాదనను. 2011 తీర్పులోనే భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన స్థలాల వంటి వాటికి మినహాయింపు మాట కూడా ఉన్నది, దాన్నీ కలిపి చెప్పమంటున్నాను.

ఇంకొక మాట. ఇల్లు కూల్చకుండా చేయగలిగిన పని చాలా ఉన్నది. వంక హద్దు ఎక్కడో రాళ్లు పాతి, దాని మీద వేసిన స్లాబులు తీసి, రైలు కట్ట కింది కన్నాల్లో పూడిక ఎత్తితే మా వీధిలో నిలిచే నీటిలో సగం దానంతట అదే పోతుంది. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2021లో మూడో రోజు జేసీబీ వచ్చి ఒక్క స్లాబు లేపగానే మా వీధి నీరు గంటలోపల దిగిపోవడం కళ్లారా చూశాను.

జవాబు 5: గొలుసు పట్టినవాణ్ణి

తమ్ముడు చెప్పింది సరైన మాట. వంక పొరంబోకూ గుంట పొరంబోకూ వేరువేరు నంబర్లు. గుంటలో ఇళ్లు లేచిపోయినా వంక నంబరు చాలాచోట్ల ఇంకా కాగితం మీద పొరంబోకుగానే ఉంటుంది, దాని వెడల్పు ఎఫ్‌ఎంబీలో కొలతలతో సహా దొరుకుతుంది. మీ రెండు వీధులవారూ కలిసి ముందు వంక నంబరుకే అర్జీ పెట్టండి. దానివల్ల ఎవరి ఇల్లూ పోదు.

ప్రశ్న వేసినవారి స్పందన: కొర్లగుంట నివాసి

అందరికీ ధన్యవాదాలు. సర్వే పెద్దాయన గారు చెప్పినట్టు నిన్న రాత్రి బీరువా తెరిచాను. నా దస్తావేజు చెక్కుబందీలో "దక్షిణం: 20 అడుగుల రోడ్డు" అని ఉన్నది. నాకు అమ్మినవారి దస్తావేజులోనూ అదే ఉన్నది. వారికి ముందువారిది జిరాక్సు కాపీ, అక్షరాలు చెరిగిపోయాయి. మా అమ్మాయి ఫోన్ వెలుగులో పట్టి చదివింది: "దక్షిణం: గుంట కట్ట మీది దారి". లాయరు గారికి చూపించిన కట్టలో ఈ కాగితం కూడా ఉండేది.

వంక నంబరు కోసం సోమవారం అర్జీ ఇస్తాను. గొల్లవానిగుంట తమ్ముడు కూడా వస్తానంటే పొద్దున పదింటికి కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను.