4కె రీ-రిలీజ్‌లో గ్రెయిన్ తీసేయడం రిపేరా, పాడుచేయడమా?

ఫస్ట్‌షో_సుబ్బు: నిన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో తొంభైల నాటి సినిమా ఒకటి 4కె రీ-రిలీజ్ చూశా. పేరెందుకులే, ఫ్యాన్స్ మీద పడతారు. రంగులు బాగున్నాయి కానీ గ్రెయిన్ (పాత ఫిల్మ్ బొమ్మలో కనిపించే సన్నటి రేణువులు) మొత్తం తీసేశారు, క్లోజప్‌లో హీరో మొహం మైనం బొమ్మలా ఉంది, చర్మమే లేదు. వర్షం పాటలో సగం చినుకులు మాయం. ఇది మీ అందరికీ ఓకేనా?

డీఐ_కుర్రోడు: పాత ఫిల్మ్ స్కాన్ చేసి కంప్యూటర్లో శుభ్రం చేసి రంగులు సరిచేసే పనే (డీఐ అంటారు) నాది కాబట్టి చెబుతున్నా బ్రో. గ్రెయిన్ వదిలేస్తే ప్రొడ్యూసర్ అనే మొదటి మాట "ఈ చుక్కలేంటయ్యా, క్లీన్ చేయలేదా". జనం థియేటర్‌కి రాకముందు ఫోన్‌లో ట్రైలర్ చూస్తారు, అక్కడ కంప్రెషన్‌కి గ్రెయిన్ అంతా గడులు గడులుగా విడిపోతుంది. తిట్లు మాకు.

పాత_గ్రేడర్: చుక్కలు కావు బాబూ, నెగటివ్‌లో బొమ్మంటేనే అవి. డెవలప్ అయ్యాక వెండిని బ్లీచ్ చేసి ఫిక్సర్‌లో కడిగేస్తాం, ఆ వెండి రేణువు చుట్టూ మిగిలే రంగు మరకే మీరు చూసే గ్రెయిన్. దాన్ని తీసేస్తే కింద వేరే బొమ్మేమీ దాక్కుని ఉండదు. ఒక్కో రంగుకీ ముతక రేణువుల పొర, సన్న రేణువుల పొర వేరుగా ఉంటాయి. ఫిల్మ్ మీద కాస్త ఎక్కువ వెలుగు పడనిస్తే సన్నవి కూడా పనిచేసి గ్రెయిన్ తగ్గుతుంది. అందుకే మా కెమెరామెన్ 500 స్పీడ్ ఫిల్మ్‌ని 320 అనుకుని లైట్ మీటర్ చూసేవాళ్లు, అంటే కావాలనే ఎక్కువ వెలుగు ఇచ్చేవాళ్లు. ఎంత గ్రెయిన్ ఉండాలో షూటింగ్‌లోనే తేల్చుకున్నారు, మీ సాఫ్ట్‌వేర్ కాదు.

క్రాస్‌రోడ్స్_బ్యాచ్: గ్రెయిన్ గీయిన్ ఏమో గానీ అన్నా, పేపర్లు ఎగరేస్తుంటే తెర కనపడితే కదా!

డీఐ_కుర్రోడు: సార్, గౌరవంతోనే అడుగుతున్నా. జనం ఎప్పుడైనా నెగటివ్ చూశారా? నెగటివ్ నుంచి ఇంటర్‌పాజిటివ్, దాన్నుంచి డూప్ నెగటివ్, అప్పుడు ప్రింట్ (మధ్యలో రెండూ కాపీలే). నెగటివ్ గామా (కాంట్రాస్ట్ కొలత) 0.6 దగ్గర, ప్రింట్‌ది 3 దగ్గర. కిటికీ బయట మేఘాలు నెగటివ్‌లో ఉంటాయి, ప్రింట్‌లో తెల్లగా కొట్టుకుపోయేవి. ఇప్పుడు స్కాన్‌లో వాటిని బయటికి తెస్తే అందరూ చప్పట్లు కొడుతున్నారు. అప్పుడు గుర్తురాని ఒరిజినల్ గ్రెయిన్ దగ్గరే ఎందుకు గుర్తొస్తోంది?

పాత_గ్రేడర్: ఇంటర్‌పాజిటివ్ ఎవరు తీశారండీ? ఇక్కడ చాలా సినిమాలకి రిలీజ్ ప్రింట్లు నేరుగా ఒరిజినల్ నెగటివ్ మీద నుంచే కొట్టేవాళ్లం, ఆ ఖర్చు పెట్టేదెవరు? నెగటివ్‌లకి అన్ని గీతలు పడింది అందుకే. పుస్తకంలో చదివింది చెప్పకండి.

డీఐ_కుర్రోడు: ఇంటర్‌పాజిటివ్ పక్కన పెట్టండి, మేఘాల సంగతి చెప్పలేదు మీరు.

పాత_గ్రేడర్: ఆకాశం ఎంత తెల్లబడాలో చూసుకునే ప్రింట్ కొట్టే మెషీన్లో లైట్లు పెట్టేవాళ్లం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోదానికి 1 నుంచి 50 దాకా. నీలం ఒక్క పాయింట్ మారితే మొహం రంగు మారేది. మీ మేఘాలు కూడా తప్పే, చప్పట్లు నేను కొట్టలేదు.

సోఫా_క్లాస్: ఓటీటీలో చూసేవాళ్లకి ఇదంతా అవసరమా?

డీఐ_కుర్రోడు: అయినా నాకు వచ్చేది నెగటివే అని ఎవరు చెప్పారు? డబ్బా తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన, ఫిల్మ్ ముడుచుకుపోయి స్కానర్ గేట్‌లో ఊగుతుంటుంది. అప్పుడు ఏ డెబ్భైల ప్రింటో వెతికి తెస్తారు. సయాన్ (నీలి ఆకుపచ్చ రంగు) ఎగిరిపోయి సినిమా మొత్తం గులాబీ రంగు. దాన్ని సరిచేయాలని ఎరుపు ఛానల్‌ని సాగదీస్తే దాంతోపాటే గ్రెయినూ లేస్తుంది. అది కూడా కెమెరామన్ తేల్చుకున్న గ్రెయినేనా?

పాత_గ్రేడర్: అనుమానం ఉంటే అడగాలి! నేను గ్రేడ్ చేసిన (షాట్లకి వెలుగు, రంగు సరిచూసిన) సినిమా పోయినేడాది రీ-రిలీజ్ చేశారు. రాత్రి సీన్లు నల్లగా ఉండాలని కెమెరామన్ నా పక్కనే కూర్చుని పెట్టించుకున్నాడు. ఇప్పుడవి పట్టపగల్లా ఉన్నాయి. ఒక్క ఫోన్ రాలేదు. నా నంబర్ మారలేదు, ఇల్లు ఇప్పటికీ కృష్ణానగర్‌లోనే.

డీఐ_కుర్రోడు: అదీ అసలు సంగతి. మీ బాధ గ్రెయిన్ కాదు సార్, మిమ్మల్ని పిలవకపోవడం. మరి నన్నెవరు అడుగుతున్నారు? సినిమా మొత్తానికి ఇంత అని మాట్లాడేసుకుంటారు, హీరో బర్త్‌డే డేట్ ముందే పోస్టర్ మీద వేసేస్తారు. షాట్ షాట్‌కీ డీనాయిజ్ (గ్రెయిన్ తగ్గించే సెట్టింగ్) సరిచూసే టైమ్ ఎక్కడిది, రీలు మొత్తానికి ఒకటే సెట్టింగ్. చినుకుల్ని సాఫ్ట్‌వేర్ దుమ్మనుకుని తీసేస్తుందని నాకూ తెలుసు. ఇంకో వారం అడిగితే పని ఇంకోడికి పోతుంది.

పాత_గ్రేడర్: అడగలేకపోవడం వేరు, దాన్ని క్లీనింగ్ అని చెప్పుకోవడం వేరు.

డీఐ_కుర్రోడు: ప్రొడ్యూసర్ అన్న మాట చెప్పా. నా మాట కాదు.

ఫస్ట్‌షో_సుబ్బు: గ్రేడర్ గారూ, ఆ రాత్రి సీన్ల ప్రింట్ ఎక్కడైనా ఉందా? పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

పాత_గ్రేడర్: ప్రింట్ లేదు. లైట్ల నంబర్లు రాసుకున్న కాగితాలున్నాయి. ఆ ప్రింటర్‌కి, ఆనాటి కెమికల్‌కి తప్ప పనికిరావు.

డీఐ_కుర్రోడు: ఏ సీన్ ఎంత చీకటో తేడా అయినా తెలుస్తుంది కదా సార్. ఫొటో తీసి పెట్టండి.

పాత_గ్రేడర్: ఇక్కడ పెట్టను. పిలిస్తే తెస్తా.