ఫ్రాన్సిస్ జెఫ్రీ ఉత్తరాలు అన్నీ కలిపి ఒకచోట దొరుకుతాయా?

అందరికీ నమస్కారం అండి. ఎడిన్‌బరా రివ్యూ అనే స్కాట్లాండ్ పత్రికని 1803 నుంచి 1829 దాకా నడిపిన విమర్శకుడు జెఫ్రీ గురించి చదువుతున్నా, 1814లో ఇంగ్లీష్ కవి వర్డ్స్‌వర్త్ పెద్ద కావ్యాన్ని మొదటి వాక్యంలోనే ఇది పనికిరాదని కొట్టిపారేసిన ఆయనే. రివ్యూల్లో అంత కఠినంగా ఉండే మనిషి ఉత్తరాల్లో ఎంత మెత్తగా ఉంటాడో చూసి మనసు పట్టేసింది, డికెన్స్ నవలల్లో పిల్లలు చనిపోతే ఏడ్చేసేవాడంట, పెళ్లి కోసం 1813లో బ్రిటన్‌కీ అమెరికాకీ యుద్ధం జరుగుతుంటే ఓడెక్కి అమెరికా వెళ్లాడు.

నా దగ్గరున్నది ఆయన స్నేహితుడు కాక్‌బర్న్ 1852లో వేసిన రెండు సంపుటాల స్కాన్ కాపీ, మొదటిది జీవితం, రెండోది ఉత్తరాలు. కానీ అవి ఏరి వేసినవే, పైగా నా కాపీలో కొన్ని పేజీల అంచులు కోసుకుపోయి ప్రతి లైన్లో చివరి రెండు మూడు అక్షరాలు లేవు, ఊహించుకుంటూ చదవాల్సొస్తోంది. రచయిత థామస్ కార్లైల్ దంపతులకి జెఫ్రీ రాసినవి 2008లో విడిగా పుస్తకంగా వచ్చాయి, అది హైదరాబాద్‌లో ఏ లైబ్రరీలోనైనా చూశారా?

ఇంకోటి, ఎడిన్‌బరాలో ఉంటున్న తెలుగువాళ్లెవరైనా అక్కడి నేషనల్ లైబ్రరీలో చేతిరాత ప్రతులు చూసుంటే, ఇక్కణ్ణుంచి కాపీలు అడగాలంటే ఏం చేయాలో చెప్పండి ప్లీజ్. నాకు ముఖ్యంగా కావాల్సింది ఆయన 1834లో జడ్జి అయ్యాక రాసినవి.