షుగరు మాత్రలు మానేసిన అమ్మకు ఎలా నచ్చజెప్పాలి?

మా అమ్మకు టైప్ 2 మధుమేహం. మెట్‌ఫార్మిన్ మూత్రపిండాలను పాడుచేస్తుందని యూట్యూబ్‌లో ఎవరో చెబితే నమ్మి మాత్రలు పూర్తిగా మానేసింది. ఇప్పుడు పరగడుపున కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, అంతే. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 7.1 నుంచి 9.6కు పెరిగింది. అదుపు తప్పిన చక్కెరే మూత్రపిండాలను దెబ్బతీస్తుందని డాక్టరు చెబితే, "ఆయన మందులు అమ్ముకోవాలి కదా" అంటుంది. రాత్రిళ్లు అరికాళ్లు మంటలని తనే కాళ్లు రుద్దుకుంటుంది, మాత్ర మాత్రం ముట్టదు. అమ్మమ్మ డయాలసిస్ మీద ఉండగానే పోయింది. అమ్మది మొండితనం కాదు, ఆ భయమే అని నాకు అనిపిస్తుంది. గట్టిగా అడిగితే అలిగి అన్నం మానేస్తుంది.

మీ ఇళ్లలో పెద్దవాళ్లను మళ్లీ మందుల దారికి ఎలా తెచ్చుకున్నారు? ఎవరు చెబితే విన్నారు? తెలుగులో ఓపికగా వివరించే మధుమేహ వైద్యుల వీడియోలు ఉంటే దయచేసి చెప్పండి.