సిగరెట్ మానేసి 9 రోజులు. సాయంత్రం నాలుగింటికి నిలబడలేకపోతున్నా, మీరు ఏం పట్టుకుని మానేశారు?

చాయ్_టెన్షన్:

వయసు 36. డిగ్రీ చివరి ఏడాదిలో మొదలైంది, అంటే పదహారేళ్లు. రోజుకు పది, ఆఫీసులో రిలీజ్ ఉన్న వారమైతే పదిహేను దాటేవి. పోయిన వారం నుంచి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఇది మూడోసారి మానడం. మొదటిసారి నలభై రోజులు ఉన్నా, ఫ్రెండు పెళ్లిలో "ఒక్కటే కదరా" అన్నారు, ఆ ఒక్కటి కాల్చి తెల్లారేసరికి పెట్టె కొనుక్కున్నా. రెండోసారి పదకొండో రోజు ఆఫీసు కింద చాయ్ కొట్టు దగ్గర పోయింది. గొడవ లేదు, టెన్షన్ లేదు, ఒక చేతిలో చాయ్ ఉంది, రెండో చెయ్యి ఖాళీగా ఉంది, అంతే.

కారణాలు నాకు తెలియవని కాదు. పెట్టె మీద 85 శాతం ఆ కేన్సర్ బొమ్మా, హెచ్చరికే కదా, 2016 నుంచి చూస్తున్నా, మొదట్లో బొటనవేలు అడ్డం పెట్టి తీసేవాణ్ణి, ఇప్పుడు కంటికి ఆనడం కూడా మానేసింది. డబ్బు లెక్క కూడా వేశా, రోజుకు రెండొందలు అనుకున్నా ఏడాదికి 73 వేలు. మా ఆవిడకి చెబితే "ఈ లెక్క నువ్వు రెండేళ్ల కిందట కూడా వేశావు" అంది. ఇవన్నీ పొద్దున్న పూట బాగానే పనిచేస్తాయి, నాలుగింటికి ఒక్కటీ గుర్తు రాదు.

పైగా నిద్ర సరిగ్గా లేదు, ఊరికే చిరాకు, మోషన్ ఫ్రీగా అవట్లేదు, మానేశాక దగ్గు తగ్గాల్సింది పోయి పెరిగింది. నికోటిన్ గమ్ తెచ్చుకున్నా గానీ నాలుగు సార్లు నమిలేసరికి గొంతు మంట, ఎక్కిళ్లు. మానేసినవాళ్లు చెప్పండి, ఏం పట్టుకుని నిలబడ్డారు? క్లాసులు మాత్రం పీకొద్దు, ఇంట్లో రోజూ అవుతున్నాయి.

బందరు_బాబాయ్:

తమ్ముడూ, నాకు 54. ఇరవై ఆరేళ్లు కాల్చి ఆరేళ్ల కిందట మానేశాను. కేన్సర్ అంటే నాకూ భయం వేయలేదు, ఎవరికో వస్తుందనే అనుకుంటాం. సికింద్రాబాద్ నుంచి వైజాగ్ వెళ్లే రైలెక్కితే కాజీపేట, ఖమ్మం, బెజవాడ, రాజమండ్రి నాకు దమ్ము కొట్టే చోట్లుగానే తెలుసు. బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో టీసీ కన్నా నేనే బాగా చెప్పేవాణ్ణి. ప్లాట్‌ఫారం మీద కాల్చకూడదు కాబట్టి చివరిదాకా నడిచి వెళ్లి, స్తంభం చాటున నాలుగు దమ్ములు లాగి, పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కేవాణ్ణి. ఆ వయసులో ఆ పరుగు చూస్తే నవ్వొస్తుంది ఇప్పుడు.

మానేసింది మాత్రం మా అమ్మ విషయంలో. ఐసీయూలో పెట్టారు, రెండు రోజులుగా బయట కుర్చీలోనే ఉన్నాను. పెద్ద డాక్టరు బయటికొచ్చి ఇంటివాళ్లతో మాట్లాడిన ఆ అయిదు నిమిషాలూ నేను కింద రోడ్డవతల బడ్డీ కొట్టు దగ్గరున్నా. పైకి వచ్చేసరికి మా చెల్లెలు ఒక్కతే విని, ఒక్కతే సంతకం పెట్టి కూర్చుంది. నన్ను ఏమీ అనలేదు, చెయ్యి పట్టుకుంది, వెంటనే వదిలేసి పక్కకి జరిగింది, వాసనకి. అమ్మ బాగయి ఇంటికొచ్చింది, అది వేరే సంగతి. నాకు మనసు లాగినప్పుడల్లా ఆ కుర్చీ గుర్తొచ్చేది. నీకు అలాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, వెతుక్కో. సిగరెట్ కోసం లేచి వెళ్లి నువ్వు పోగొట్టుకున్నది.

ఇక నాలుగింటి సంగతి. మూడు వారాలు ఆ కొట్టు వైపు పోకు, చాయ్ పైనే తాగు. లాగినప్పుడు గడియారం చూడు, మూడు నుంచి అయిదు నిమిషాలు, మామూలుగా అంతకన్నా ఉండదు. నేనైతే శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాణ్ణి, రెండు చేతులకీ పని.

మందుల_చీటీ:

నెల్లూరులో మెడికల్ షాపు మాది, గమ్ గురించి రోజూ చెప్పే మాటే ఇక్కడా చెబుతా. మీరు దాన్ని బబుల్ గమ్‌లా నమిలేస్తున్నారు. అలా నమిలితే నికోటిన్ అంతా ఉమ్మితో కడుపులోకి పోతుంది, అందుకే ఎక్కిళ్లు, మంట. మెల్లగా కొరకండి, మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమనగానే ఆపి చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టేయండి. చురుకు తగ్గాక మళ్లీ రెండు కొరుకులు, మళ్లీ పక్కకి. ఒక గమ్ అరగంట రావాలి. గమ్ వేసుకునే ముందు పావుగంట, అది నోట్లో ఉన్నంతసేపు చాయ్, కాఫీ, కూల్‌డ్రింకులు వద్దు, నికోటిన్ నోట్లో ఎక్కదు. అంటే మీరు నాలుగింటి చాయ్‌తో కలిపి నమిలి ఉంటే అది పనిచేయకపోవడంలో ఆశ్చర్యం లేదు. పొద్దున్న లేచిన అరగంట లోపే మొదటిది ముట్టించేవారైతే మీకు 2 మిల్లీగ్రాములది చాలకపోవచ్చు, డాక్టరుకి చూపించి 4 రాయించుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అడక్కుండా వాడొద్దు. గమ్ కాకుండా డాక్టర్లు రాసే మాత్రలు కూడా ఉన్నాయి, అవి సొంతంగా కొనుక్కునేవి కావు.

ఇంకోటి చాలామందికి తెలియదు. పొగ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. మానేశాక అదే నాలుగు చాయ్‌లు తాగితే కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు. మనం ఏమో సిగరెట్ లేకే ఇలా అయిందని మళ్లీ ముట్టిస్తాం. చాయ్ సగానికి తగ్గించి చూడండి. మోషన్ ఇబ్బంది కూడా మానేసినవాళ్లలో మామూలే, నీళ్లు, ఆకుకూరలు, ఒక అరటిపండు.

పెట్టె మీద 1800-11-2356 అని ఉంటుంది చూశారా? అది సిగరెట్ మానడానికి సాయం చేసే నంబరు, డబ్బు పడదు, తెలుగులోనూ మాట్లాడతారు, మానేసే తేదీ పెట్టించి తర్వాత వాళ్లే ఫోన్ చేసి అడుగుతారు. మా షాపుకొచ్చేవాళ్లలో సగం మంది ఆ నంబరు ఏ కంపెనీ కస్టమర్ కేరో అనుకుంటారు.

సిక్కోలు_పిల్ల:

మీవి సిగరెట్ కథలు, మాది చుట్ట కథ. మా నాన్నమ్మ అడ్డపొగ. తెలియనివాళ్లకి చెబుతున్నా, శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. పొలంలో నాట్లేస్తూ, అంట్లు తోముతూ కూడా తీసేది కాదు, బయటివాళ్లకి చూస్తే నోట్లో చుట్ట ఉందని కూడా తెలిసేది కాదు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. వేరేచోట్ల అరుదుగా వచ్చే అంగిలి కేన్సర్ మా వైపు కనిపించేది అందుకే.

డెంటల్ క్యాంపు వాళ్లు ఊరికొస్తే పన్ను నొప్పని వెళ్లింది. ఆ పిల్ల డాక్టరు తిట్టలేదు, భయపెట్టలేదు. ఒక చిన్న అద్దం నోట్లో పెట్టి, రెండోది చేతికిచ్చి చూసుకోమంది. నాన్నమ్మ తన అంగిలి చూడ్డం అదే మొదటిసారి. తెల్లగా, ఎండిన చెరువు నెర్రెలిచ్చినట్టు, మధ్యలో ఎర్ర చుక్కలు. "ఇది నా నోరేటి?" అని రెండుసార్లు అడిగింది. ముక్క తీసి పరీక్ష చేయించారు, కేన్సర్ కాదన్నారు, కానీ మానకపోతే మారొచ్చన్నారు. ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, నాలుగో రోజు చుట్టలన్నీ పొయ్యిలో పెట్టింది. డెబ్బై దాటాక. ఏడాదికి మళ్లీ చూపిస్తే తెలుపు చాలా తగ్గింది. ఇప్పుడు చేతిలో చింతపిక్కలు పట్టుకుని తిప్పుతూ ఉంటుంది, ఎందుకంటే చెప్పదు.

లైట్_తీస్కో_బ్రో:

మా తాత బీడీలు తాగుతూనే 88 ఏళ్లు బ్రతికాడు. రోజుకు రెండు కాల్చుకుంటే ఏమీ కాదు, ఇంత సీన్ అక్కర్లేదు. లేదంటే వేప్, అదే ఈ-సిగరెట్, ట్రై చెయ్ బ్రో.

మందుల_చీటీ:

మీ తాత బ్రతికాడు, సంతోషం. ఆయనతో పాటు బీడీలు తాగి అరవై దాటకుండా పోయినవాళ్లు ఇక్కడికొచ్చి రాయలేరు కదండీ. రెండే కదా అనేవాళ్లకి ఒక మాట: రోజుకు ఒక్కటి కాల్చినా, ఇరవై కాల్చేవాడికి గుండె జబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో అందులో దాదాపు సగం ఉంటుంది, ఇరవయ్యో వంతు కాదు. అసలు ఈయన లాంటి వాళ్లకి రెండు దగ్గర ఆగడం పూర్తిగా మానడం కన్నా కష్టం, నలభయ్యో రోజు పెళ్లిలో ఏమైందో ఆయనే రాశారు. వేప్‌ల అమ్మకం 2019 నుంచి మన దేశంలో నిషేధం, ఆ సలహా ఇక్కడ ఇవ్వకండి.

చాయ్_టెన్షన్:

అందరికీ థాంక్స్. గమ్ పద్ధతి మార్చా, ఎక్కిళ్లు పోయాయి, నిజంగా మిరియంలాగే ఉంది. చాయ్ రెండుకి దించా.

బాబాయ్ గారూ, కొట్టు వైపు పోవద్దన్నారు గానీ నిన్న టీమ్ అంతా వెళ్తుంటే వెళ్లిపోయా. నన్ను చూడగానే ఆ కొట్టు భయ్యా కప్పుతో పాటు నేనెప్పుడూ కాల్చేది ఒకటి తీసి గాజు సీసా మూత మీద పెట్టాడు. అడగకుండానే. ఏడేళ్లుగా అంతే, నేను నోరు తెరిచి అడిగింది లేదు. "వద్దు భయ్యా" అనడానికి ఎంతసేపు పట్టిందో. ఆయన ఏమీ అనకుండా దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేసి, ఒక ఉస్మానియా బిస్కెట్ పెట్టాడు అదే మూత మీద. మీరు వెతుక్కోమన్నది కూడా దొరికింది, అది ఇక్కడ రాయలేను.

ఇవాళ్టికి 12 రోజులు. దగ్గు మాత్రం అలాగే ఉంది, పొద్దున్నే తెమడ కూడా పడుతోంది. ఇది ఎన్నాళ్లు?

మందుల_చీటీ:

ఊపిరితిత్తులు పేరుకున్నది బయటికి నెట్టేటప్పుడు కొన్ని వారాలు అలా ఉండొచ్చు. కానీ పదహారేళ్లు కాల్చారు కాబట్టి నా మాట మీద ఊరుకోకండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. తెమడలో రక్తపు చార కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.